అరుగుదల ఎవరి వంతు

అలిపిరిలో తిరుమల మెట్ల దారి మొదలయ్యేచోట పాదాల మండపం ఉంది. కొండెక్కబోయేవారు అక్కడ శ్రీవారి లోహపు పాదరక్షలను నెత్తిన పెట్టుకుని ప్రదక్షిణ చేసి బయలుదేరతారు. ఆ మండపం చుట్టూ ఈ ప్రాంతంలో తరతరాలుగా ఒక విశ్వాసం అల్లుకుని ఉంది. స్వామి రోజూ రాత్రి కొండ దిగి తిరుచానూరులో అమ్మవారి దగ్గరికి వెళ్ళి వస్తారనీ, ఆ నడకకు ఆయన చెప్పులు అరిగిపోతాయనీ, అందుకే కొత్త జత కుట్టి సమర్పించాలనీ పెద్దలు చెబుతారు. ఈ విశ్వాసాన్ని భక్తుల ముచ్చటగా విని వదిలేయడం సరికాదని నా అభిప్రాయం. ఇందులో చాలా గట్టి ప్రశ్న ఉంది. పరమాత్మకు వికారం లేదని వేదాంతం చెబుతుంది. వికారం లేనివాడి చెప్పులు ఎలా అరుగుతాయి? అరిగితే అది ఆయన మహిమకు లోటు కాదా? లోటు కాదన్నదే నా వాదన. కదిలే ప్రతిదానికీ అరుగుదల తప్పదు. దాన్ని ఏ భాగం మీద పడనివ్వాలి, ఏ భాగం మీద పడనివ్వకూడదు అని తేల్చుకోవడమే సంరక్షణ. మన దేవాలయ సంప్రదాయం ఈ సంగతిని ఎప్పుడో గ్రహించి ఆచారంలో పెట్టింది. కాకపోతే ఆ గ్రహింపును అది మనుషుల దాకా పూర్తిగా తీసుకురాలేదు.

దేవుడి సంగతికి వెళ్ళేముందు చిన్న యంత్రం దగ్గర ఆగడం మంచిది. చిన్న యంత్రంలో అరుగుదల కంటికి కనిపిస్తుంది. అసలు కారులో పదో వంతు సైజుండే రిమోట్ కంట్రోల్ కారును తీసుకుందాం. మోటారు చివర చిన్న పినియన్, దాని పళ్ళలో పళ్ళు కలిపి తిరిగే పెద్ద స్పర్ గేరు, ఆ వెనక డిఫరెన్షియల్. డిఫరెన్షియల్‌కు రెండు పక్కలా గాడి కోసిన లోహపు కప్పులుంటాయి. ఆ కప్పులోకి ఇరుసు కడ్డీ తల దూరుతుంది. తలకు అడ్డంగా సన్నని పిన్ను ఉంటుంది. ఆ పిన్ను గాడిలో ఆని కడ్డీని తిప్పుతుంది. ఎముక ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ కడ్డీని డాగ్‌బోన్ అంటారు. కారు గతుకుల్లో ఎగిరి పడిన ప్రతిసారీ పిన్ను గాడిలో ముందుకీ వెనక్కీ జారుతుంది. కొన్నాళ్ళకు గుండ్రటి పిన్ను ఒక పక్క చదునుగా అరుగుతుంది, గాడి వెడల్పవుతుంది. చక్రాన్ని వేళ్ళతో పట్టుకుని ఊపితే టకటకలాడుతుంది. ఆ పైన ఒక గట్టి దెబ్బ తగిలితే కడ్డీ కప్పులోంచి ఊడి వస్తుంది, మోటారు తిరుగుతూనే ఉంటుంది గానీ బండి కదలదు. చక్రం దగ్గరా ఇదే కథ. ఇరుసు చివరి పిన్ను ఆరు మూలల ప్లాస్టిక్ హబ్బును తొలిచి తొలిచి దాని గాడిని గుల్ల చేస్తుంది, చక్రం పక్కకు వాలి తిరుగుతుంది.

ఇప్పుడు బాగుచేయడానికి కూర్చున్నవాడి ముందు అసలు చిక్కు నిలబడుతుంది. అరిగిన కడ్డీ తీసి గట్టి ఉక్కు కడ్డీ వేస్తే సమస్య తీరిందనుకుంటాం. తీరదు, చోటు మారుతుంది. కడ్డీ గట్టిపడింది కాబట్టి ఇక కప్పు అరుగుతుంది. కప్పునూ ఉక్కుతో మారిస్తే దెబ్బ డిఫరెన్షియల్ లోపలి పళ్ళ మీద పడుతుంది, అక్కడ మార్చడం ఖర్చూ శ్రమా. పాత స్పర్ గేరును ఉంచి కొత్త పినియన్ బిగిస్తే, పాత పళ్ళ వంకరను కొత్త పళ్ళు కొద్ది రోజుల్లోనే నేర్చుకుంటాయి. అందుకే తెలిసినవారు రెండూ కలిపి మారుస్తారు, బిగించేటప్పుడు రెండు గేర్ల మధ్య సన్నని కాగితం ముక్క పెట్టి, కాగితం చిరగకుండా ముడతలు మాత్రం పడేంత సందు ఉంచుతారు. స్పర్ గేరు చాలా కార్లలో ప్లాస్టిక్‌తోనే ఉంటుంది. చవక బేరమని అలా చేశారనుకోవడం పొరపాటు. పెద్ద దెబ్బ తగిలినప్పుడు మోటారూ గేర్‌బాక్సూ పోకుండా తానే పళ్ళు రాల్చుకోవడానికి దాన్ని మెత్తగా ఉంచారు. మంచి తయారీదారు ఏ భాగం ముందుగా పోవాలో ముందే అనుకుని యంత్రాన్ని గీస్తాడు. సుమతీ శతకకారుడు కరణాన్ని మంచి చేసుకొమ్మని చెప్పడానికే అయినా, కందెన లేనిదే దేవుడి బండి ఇరుసు కూడా నడవదన్న పోలిక తెచ్చాడు. దేవుడి బండికి మినహాయింపు ఉంటుందని ఆయన అనుకోలేదు, చదివిన తెలుగువాళ్ళెవరూ అభ్యంతరం చెప్పలేదు.

తిరుమల ఆచారాల్లో ఈ ఆలోచన నడుస్తున్న తీరును కొంచెం నిదానంగా చూడాలి. గర్భాలయంలోని మూలమూర్తి కదలడు. ఊరేగింపులకు, కల్యాణాలకు, వాహనసేవలకు బయటికి వచ్చేది ఉత్సవమూర్తి మలయప్పస్వామి. కదిలే మూర్తికి అభిషేకాలు ఎక్కువ, ఎత్తడం దించడం ఎక్కువ, అలంకారాల రాపిడి ఎక్కువ. ఏటా జ్యేష్ఠమాసంలో మూడు రోజుల పాటు జ్యేష్ఠాభిషేకం చేస్తారు. ఉత్సవమూర్తుల బంగారు కవచాన్ని తీసి తిరుమంజనం జరిపి, మొదటి రోజు వజ్రకవచం, రెండో రోజు ముత్యాల కవచం తొడిగి, మూడో రోజు మళ్ళీ బంగారు కవచం సమర్పిస్తారు. మరుసటి జ్యేష్ఠం దాకా స్వామి ఆ కవచంతోనే ఉంటారు. మూర్తులు అరిగిపోకుండా కాపాడుకోవడానికే ఈ ఉత్సవమని దేవస్థానమే చెబుతుంది. అంటే అరుగుదలను దాచిపెట్టలేదు, దానికి పంచాంగంలో మూడు రోజులు కేటాయించి పండగ చేశారు. రాపిడి అంతా కవచం మీద పడుతుంది, లోపలి మూర్తి భద్రంగా ఉంటుంది. పన్నెండేళ్ళకోసారి వచ్చే అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణ కూడా ఇలాంటిదే. తిరుమలలో ఇటీవలిది 2018 ఆగస్టులో జరిగింది. మూర్తికీ పీఠానికీ మధ్య ఉండే లేపనాన్ని కొత్తగా వేయడం అందులో ముఖ్యమైన పని. కాలం చేసే పాడు మూర్తి మీద పడకముందే సందులోని లేపనం మీద పడుతుంది, దాన్ని మారుస్తారు. ఆ పని జరిగే రోజుల్లో దైవశక్తిని కుంభాల్లోకి ఆవాహన చేసి యాగశాలలో ఆరాధిస్తారు, పని ముగిశాక మళ్ళీ మూర్తిలోకి చేరుస్తారు. మరమ్మతు చేస్తున్నంతసేపు పూజ ఆగకూడదు, పూజ కోసం మరమ్మతు ఆగకూడదు. ఆ రెంటినీ ఇంత చక్కగా పొసగించిన పద్ధతి మరొకటి నాకు తెలియదు.

సనాతనమంటే అరగనిదని, అరిగేదాన్ని పూజించడం దైవాన్ని తక్కువ చేయడమేనని కొందరు అభ్యంతరం చెప్పవచ్చు. దీనికి సమాధానం వేదంలోనే ఉంది. ఋగ్వేదం మొదటి మండలంలో దీర్ఘతముడి పేరు మీద ఉన్న 164వ సూక్తం, లోకాలన్నీ నిలిచి ఉన్న ఒక చక్రాన్ని వర్ణిస్తుంది. ఎంత బరువు మోసినా దాని ఇరుసు వేడెక్కదని, ఎప్పటినుంచో తిరుగుతున్నా విరగదని చెబుతుంది. ఆ ఋషి ఆశ్చర్యపోయింది దేనికో గమనించాలి. ఇరుసు వేడెక్కడం, విరగడం ఆయనకు బాగా తెలుసు. తెలిసినవాడు కాబట్టే కాలచక్రానికి అవి లేవని ప్రత్యేకంగా చెప్పవలసి వచ్చింది. అరగని ఇరుసు ఉన్నది విశ్వానికి. మనుషులు లాగే రథానికి దాన్ని ఆపాదించమని ఆయన చెప్పలేదు. శ్రీవైష్ణవులు అర్చావతారాన్ని, అంటే దేవుడు గుడిలోని మూర్తిగా దిగిరావడాన్ని, గొప్పగా చెప్పేది కూడా ఇందుకే. అందనివాడు అందుబాటులోకి వచ్చాడు, భక్తులు చేయించే స్నానానికీ పెట్టే నైవేద్యానికీ తనను అప్పగించుకున్నాడు. కదలని తత్త్వం కదిలే రూపం తీసుకోవడానికి ఒప్పుకుందంటే, కదలికతో వచ్చే అరుగుదలకూ ఒప్పుకున్నట్టే. చెప్పులు అరిగేటంత దూరం నడిచి వచ్చే దేవుడు భక్తుడికి చిన్నబోయినట్టు కనిపించడు.

అరిగినవన్నీ మారుస్తూ పోతే చివరికి మిగిలేది అదే వస్తువా అన్న ప్రశ్న ఇంకా కష్టమైనది. యవన రాజు మిళిందుడితో నాగసేన భిక్షువు చేసిన సంభాషణలో రథం ఇందుకే వస్తుంది. రాజు ఎక్కి వచ్చిన రథంలో ఇరుసు రథమా, చక్రాలు రథమా, కాడి రథమా అని అడుగుతూ పోయి, భాగాలు ఇలా కూడినప్పుడు వాడుకకు పెట్టుకున్న పేరు తప్ప విడిగా రథమనేది లేదని నాగసేనుడు తేలుస్తాడు. కఠోపనిషత్తులోనూ రథం ఉంది. అక్కడ ఆత్మ రథికుడు, శరీరం రథం, బుద్ధి సారథి, మనసు పగ్గం, ఇంద్రియాలు గుర్రాలు. ఆ పోలికలో ఇరుసు ఊసే లేదు. ఉపనిషత్తు బండిని ఎవరు నడుపుతున్నారని అడిగింది, బౌద్ధ గ్రంథం బండి దేనితో చేశారని అడిగింది. బాగుచేసేవాడికి రెండు ప్రశ్నలూ కావాలి. ఈ రెంటినీ కలిపి చూడటానికి రామానుజుల మాట బాగా పనికొస్తుంది. తిరుపతిలో గోవిందరాజస్వామిని ప్రతిష్ఠించింది ఆయనేనని సంప్రదాయం చెబుతుంది కాబట్టి ఈ ఊరికి ఆయన పరాయివాడు కాడు. ఒక చేతనుడు తన ప్రయోజనం కోసం పూర్తిగా నియమిస్తూ, భరిస్తూ, తనకు లోబడి ఉండేలా చేసుకున్న ద్రవ్యమే ఆ చేతనుడికి శరీరమని శ్రీభాష్యంలో ఆయన నిర్వచించారు. ఈ లెక్కన శరీరానికి గుర్తింపు దాన్ని ధరించేవాడితోనూ, అతడి ప్రయోజనంతోనూ ఉన్న సంబంధం నుంచి వస్తుంది. ఏ అణువులతో చేశారన్నది ఆ తర్వాతి మాట. కొత్త ఇరుసు అదే రథానికి, అదే స్వామి సేవకు బిగించినప్పుడు అది ఆ రథం ఇరుసే.

పలకలన్నీ ఒక్కొక్కటిగా మార్చేశాక థీసియస్ ఓడ అదే ఓడా అని గ్రీకులు అడిగిన ప్రశ్నకు తత్త్వవేత్త హాబ్స్ 1655లో ఒక మెలిక పెట్టాడు. తీసేసిన పాత పలకలన్నీ ఎవరో దాచి, మళ్ళీ అదే వరసలో బిగిస్తే రెండింటిలో అసలు ఓడ ఏదని అడిగాడు. పదార్థాన్నే నమ్ముకున్నవాడికి ఈ మెలిక విడదు. దేవాలయ సంప్రదాయంలో అది చిక్కుగానే కనిపించదు. పూరీలో జగన్నాథుడి మూడు రథాలనూ ఏటా కొత్త కలపతో చేస్తారు. నందిఘోషానికి 16 చక్రాలు, తాళధ్వజానికి 14, దర్పదళనానికి 12 అన్న లెక్క మారదు, కొయ్య మారుతుంది. నందిఘోషం ఎన్నోది అని ఎవరూ అడగరు. మన అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి రథం 2020 సెప్టెంబరులో అర్ధరాత్రి అగ్నికి ఆహుతైంది. కొత్త రథం 2021 ఫిబ్రవరిలో కల్యాణోత్సవాల వేళకు సిద్ధమైంది. అది నరసింహస్వామి రథం కాదని ఎవరూ అనలేదు. అలాగని పాత రథం పోయినందుకు రాష్ట్రమంతా పడ్డ బాధ ఉత్తిదీ కాదు. ఆ బాధ నా వాదనకు అడ్డొచ్చేదేనని ఒప్పుకోవాలి. పదార్థానికి విలువే లేకపోతే జనం అంతగా ఎందుకు కలత చెందారు? నాకు తోచిన సమాధానం ఇది. అరిగిన భాగం తన సేవ ముగించుకుని వెళ్తుంది. కాలిపోయిన రథం సేవ మధ్యలో తెగింది. అరిగిన కొయ్యకు ఇవ్వాల్సిన వీడ్కోలును ఆగమాలు చెప్పాయి, తగలబడిన దానికి ఆ వీడ్కోలు దక్కలేదు. పదార్థానికి విలువ ఉంది, అది మోసిన సేవ నుంచి ఆ విలువ వచ్చింది. అందుకే, బాగుచేయగలిగిన దాన్ని పారేసి కొత్తది కొనడం నా వాదన ప్రకారం తప్పే అవుతుంది. భాగాన్ని మార్చవచ్చు, మోయగలిగినంత కాలం దాన్ని మోయనివ్వాలి.

ఇప్పటిదాకా చెప్పింది కొయ్య గురించి, లోహం గురించి. అలిపిరి నుంచి పైకి చూస్తే అరుగుదల చరిత్రలో మనుషులు కనిపిస్తారు. ఘాట్ రోడ్డు రాకముందు నడవలేనివారు డోలీల్లో కొండెక్కేవారు. అంటే ఒకరి పుణ్యయాత్ర బరువు ఇంకొకరి భుజం మీద, మోకాలి చిప్ప మీద పడేది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచాక ఆ బరువు బస్సు ఇరుసు మీదికి, గేర్‌బాక్సు మీదికి, బ్రేకుల మీదికి మారింది. 1974లో రెండో రోడ్డు వచ్చింది. ఇప్పుడు కొత్త దారిలో ఎక్కి పాత దారిలో దిగుతారు. ఎక్కడానికి కనీసం 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు పట్టాలని దేవస్థానం పెట్టిన నియమంలో మంచి యంత్రజ్ఞానం ఉంది. ఎక్కేటప్పుడు కష్టం ఇంజనుది. దిగేటప్పుడు బండి బరువంతా బ్రేకుల మీద వాలుతుంది, తొందరపడితే లైనింగులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. అందుకే తెలిసిన డ్రైవరు చిన్న గేరులో దిగుతాడు, వేగాన్ని ఇంజనే ఆపుతుంది, బ్రేకు మలుపు దగ్గరే వాడతాడు. 2022 సెప్టెంబరులో అలిపిరి నుంచి మొదలైన విద్యుత్ బస్సుల్లో ఇది ఇంకో మెట్టు ముందుకెళ్ళింది. దిగేటప్పుడు మోటారే జనరేటరై బండిని ఆపుతూ కొంత కరెంటును బ్యాటరీకి తిరిగిస్తుంది, లైనింగు అరిగే అవసరం తగ్గుతుంది. డోలీ మోసేవాడి భుజం నుంచి బ్రేకు లైనింగు దాకా, లైనింగు నుంచి మోటారులోని అయస్కాంత బలం దాకా అరుగుదల ప్రయాణించిన ఈ దారిని నేను ధర్మం ముందుకు సాగిన దారిగానే చూస్తాను.

దీనికి భక్తుల వైపు నుంచే బలమైన అభ్యంతరం రావచ్చు. కష్టం లేని యాత్ర యాత్రేనా? అలిపిరి దారిలో మెట్లు 3,550. వాటిలో మోకాళ్ళ పర్వతం దగ్గర ఎక్కుడు నిటారుగా ఉంటుంది. ఈ కొండ మీద పాదం మోపకూడదని రామానుజులు మోకాళ్ళతో ఎక్కారని అక్కడ చెప్పుకుంటారు. బ్రహ్మోత్సవాల్లో వాహనాలను ఇప్పటికీ భుజాల మీదే మోస్తారు, ఎనిమిదో రోజు రథాన్ని భక్తులే తాళ్ళతో లాగుతారు. అరుగుదలను యంత్రం మీదికి నెట్టడమే ధర్మమైతే వీళ్ళంతా చేస్తున్నదేమిటి? వీళ్ళు చేస్తున్నది పూర్తిగా ధర్మమే, ఎందుకంటే ఆ నొప్పిని వాళ్ళే కోరి తీసుకున్నారు. తన మోకాలిని తాను అర్పించుకోవడం భక్తి. ఇంకొకడి మోకాలిని తన యాత్రకు ఖర్చు పెట్టడం భక్తి కాదు. తేడా అంతా అరిగేవాడి ఇష్టంలో ఉంది. ఈ తేడాను మన సంప్రదాయం ప్రతిసారీ పాటించలేదని కూడా చెప్పాలి. దేవుడికి చెప్పులు కుట్టే వృత్తిలోని వారిని అంటరానివారన్నారు. ఆయన పాదాల అరుగుదలను మోసిన తోలు మండపం దాకా వచ్చింది, దాన్ని కుట్టిన చేతులను గుడి బయటే నిలిపారు. గుడిప్రవేశం హక్కుగా రావడానికి, అప్పట్లో తిరుపతి ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1947 నాటి చట్టం కావలసి వచ్చింది. లోహపు మూర్తికి కవచం ఎందుకు కావాలో అంత సూక్ష్మంగా ఆలోచించిన సంప్రదాయం, మనిషి విషయంలో ఆ సూక్ష్మత చూపకపోవడం చిన్న పొరపాటు కాదు.

రామానుజుల నిర్వచనాన్నే పట్టుకుని ఒకరు నన్ను ఇరకాటంలో పెట్టవచ్చు. ఆయన లెక్కన జీవులన్నీ భగవంతుడికి శరీరమే, ఆయన ప్రయోజనానికి లోబడినవే. అలాంటప్పుడు మనుషులు కూడా రథంలోని భాగాల్లాంటివారే కదా, అరిగిపోవడం వారి వంతు కాకూడదని ఎలా అంటావు? ఈ ప్రశ్నను తప్పించుకోను, దీని మీదే నా వాదన నిలబడుతుంది. జీవుడు భగవంతుడికి శరీరం. ఒక జీవుడు మరో జీవుడికి శరీరమని రామానుజులు ఎక్కడా ఒప్పుకోలేదు, వారి సిద్ధాంతంలో అందుకు చోటూ లేదు. ఇరుసు డ్రైవరు చేతిలో సాధనం, డ్రైవరు యాత్రికుడి చేతిలో సాధనం కాడు. ఇద్దరూ ఒకే స్వామికి చెందినవారు, ఒకరి ప్రయోజనం కోసం ఇంకొకరిని అరగదీసే హక్కు ఇద్దరిలో ఎవరికీ లేదు. భగవంతుడికైనా ఆ హక్కు ఉందా అంటే, ఈ మతంలో ఆయన శరీరాన్ని భరించేవాడు కూడా, వాడుకుని వదిలేసేవాడు కాడు. కాబట్టి ఘాట్ బస్సుకు లైనింగు ఎప్పుడు మార్చారో, ఇరుసు బేరింగుకు గ్రీజు ఎప్పుడు పెట్టారో రాసుకునే శ్రద్ధతోనే, ఆ బస్సు నడిపే మనిషి వరసగా ఎన్ని ట్రిప్పులు మలుపులు తిప్పాడో, వాహనం మోసేవారి భుజాలకు ఎప్పుడు విశ్రాంతి దొరికిందో, మెట్లు ఊడ్చేవారి నడుములు ఎలా ఉన్నాయో లెక్క రాయాలి. జ్యేష్ఠాభిషేకానికి పంచాంగంలో రోజులు కేటాయించగలిగినవాళ్ళకు ఈ లెక్క పెట్టడం చేతకాని పని కాదు. ఆగమ పండితులూ, డిపో మెకానిక్కులూ, మోసేవారి ప్రతినిధులూ ఒకచోట కూర్చుని, ఏ సేవలో ఎవరి శరీరం ఎంత అరుగుతోందో, అందులో ఎంత వారి ఇష్టంతో జరుగుతోందో, ఎంత ఇష్టం లేకుండా జరుగుతోందో తేల్చడంతో ఈ పని మొదలుపెట్టవచ్చు.